భారీ గుమ్మడి: ఇంట్లో మొలక నుంచి పెరట్లో పాదు దాకా, తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా, కెనడా, బ్రిటన్ లాంటి చలి దేశాల్లో ఉంటూ, పెరట్లో వందల పౌండ్ల గుమ్మడికాయ పండించాలని సరదా పడే తెలుగువాళ్ళ కోసం ఈ పేజీ. గింజ చేతికి తీసుకున్న దగ్గర్నుంచి మొక్క బయట నేలలో కుదురుకునే దాకా వచ్చే ప్రశ్నలే ఇక్కడున్నాయి. పూతకు పరాగం అంటించడం, కాయను సాకడం, తూకం పోటీలు వేరే కథ.

ఏ గింజ కొనాలి?

డిల్స్ అట్లాంటిక్ జెయింట్ అని అడిగి కొనండి. కెనడాలోని నోవా స్కోషియాలో విండ్సర్ అనే ఊరి రైతు హోవార్డ్ డిల్, ఏళ్ళ తరబడి పెద్ద కాయల్ని ఏరుకుంటూ, సంకరం చేసుకుంటూ తీసిన రకం ఇది. 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్ళు ప్రపంచ విజేత ఆయనే. 1981లో ఆయన కాయ 493.5 పౌండ్లు తూగితే లోకం నోరు వెళ్ళబెట్టింది. 2025 అక్టోబరులో ఇంగ్లాండ్‌కు చెందిన కవల సోదరులు ఇయాన్, స్టువర్ట్ పాటన్‌ల కాయ 1,278.8 కిలోలు, అంటే 2,800 పౌండ్లు దాటింది. ఇవాళ పోటీల్లో కనిపించే కాయలు దాదాపు అన్నీ డిల్ గింజ సంతానమే.

విత్తనాల కంపెనీలు ప్యాకెట్లలో అమ్మే గింజలు ఉంటాయి, పెంపకందార్ల క్లబ్బులు పంచే గింజలు ఉంటాయి. క్లబ్బు గింజ మీద తల్లి కాయ బరువు, పెంచినవారి ఇంటిపేరు, ఏ సంవత్సరం కాయో రాసి ఉంటుంది. ఒంగోలు గిత్తకు వంశం చెప్పినట్టే. మామూలు క్లబ్బు గింజలు కొద్ది డాలర్లకో, కొన్నిచోట్ల పోస్టు ఖర్చులకో దొరుకుతాయి. పేరున్న గింజకు వేలంలో వందల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి గానీ, మొదటి ఏడాదే ఆ జోలికి పోనక్కర్లేదు. పేరున్న గింజ కన్నా పేరులేని గింజకు మంచి నేల దొరకడం మేలు.

హాలోవీన్‌కి కొన్న కాయ గింజలు దాచాను. అవి పనికొస్తాయా?

మొలుస్తాయి, కాస్తాయి, కానీ అంత పెద్దవి కావు. ముఖం చెక్కే ఆ కాయలు వేరే జాతివి. మన తియ్య గుమ్మడి కూడా ఇంకో జాతి, వడియాల బూడిద గుమ్మడికైతే అసలు చుట్టరికమే దూరం.

ఇంట్లోనే ఎందుకు మొలకెత్తించాలి? మన ఊళ్ళో పెంటకుప్ప మీద విసిరేస్తేనే మొలిచేది కదా!

నిజమే, మన ఊళ్ళో నేల ఏడాదంతా వెచ్చగా ఉంటుంది కాబట్టి మొలిచేది. ఇక్కడ చిక్కంతా రోజుల లెక్కలో ఉంది.

పోటీలు సెప్టెంబరు చివర, అక్టోబరులో జరుగుతాయి. కాయ బాగా పెరగడానికి పిందె కట్టాక దాదాపు మూడు నెలలు కావాలి. అంటే జూన్ చివరికో, జూలై మొదటి వారానికో పిందె నిలవాలి. ఆ పిందెను మోయడానికి అప్పటికే ప్రధాన తీగ కనీసం పదడుగులు పాకి, పక్క తీగలు కూడా వేసి ఉండాలి. ఇప్పుడు వెనక్కి లెక్కేసుకుంటూ రండి. మే నెలాఖరులో నేల వెచ్చబడ్డాక గింజ వేస్తే, ఈ లెక్కలో మూడు నాలుగు వారాలు లోటు పడతాయి. కాయ జోరుగా ఊరే దశలో రోజుకు 30 నుంచి 50 పౌండ్ల దాకా బరువెక్కుతుంది. ఆ దశ ఆగస్టు ఎండల్లో కాకుండా సెప్టెంబరు చలిలో వచ్చిందంటే చేతికందే బరువు పోయినట్టే.

చలి ప్రాంతంలో ఇది సాధ్యమా అన్న అనుమానం వద్దు. 2023లో 2,749 పౌండ్ల కాయతో అప్పటి ప్రపంచ రికార్డు కొట్టిన ట్రావిస్ గీంగర్‌ది మిన్నెసోటా. ఏప్రిల్‌లో కూడా మంచు పడే చోటు అది. ఆ కాయను ట్రక్కులో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే దాకా తీసుకెళ్ళి తూయించారు. ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు ఉండే తెలుగువాళ్ళకు ఆ ఊరు కారులో గంట ప్రయాణం. ఏటా అక్టోబరులో ఓ సోమవారం అక్కడ తూకం జరుగుతుంది, పిల్లల్ని తీసుకుని వెళ్ళి చూడండి.

మరి గింజ ఏ తేదీన వేయాలి?

క్యాలెండర్ చూసి కాదు, మీ పెరట్లో నాటే చోటు ఎప్పటికి సిద్ధమవుతుందో చూసి వేయాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మార్చిలోనే ఉత్సాహం ఆగక గింజ వేస్తారు, ఏప్రిల్ చివరికల్లా కిటికీ దగ్గర తీగ సాగిన మొక్క ఉంటుంది, బయట నేల ఇంకా ఐసుముక్కలా ఉంటుంది. ఇంట్లో సంపాదించిన రోజులన్నీ ఆ ఇరుకు కుండీలోనే ఖర్చయిపోతాయి.

గింజ వేసిన దగ్గర్నుంచి బయట నాటే దాకా రెండు, రెండున్నర వారాలకు మించి పట్టదు. ముందు మీ ఊరి లాస్ట్ ఫ్రాస్ట్ డేట్, అంటే వసంతంలో ఆఖరిసారి మంచు కాటేసే తేదీ తెలుసుకోండి. పాదు మీద ప్లాస్టిక్ గుడారం వేయగలిగితే ఆ తేదీకి రెండు వారాల ముందే నాటొచ్చు. గుడారం లేకపోతే ఆ తేదీ దాటాకే. ఉదాహరణకు మీకు మే మధ్యలో ఆఖరి మంచు అనుకుందాం. గుడారం ఉంటే ఏప్రిల్ 15 ప్రాంతంలో గింజ వేసి మే మొదట్లో నాటండి. లేకపోతే మే ఒకటి ప్రాంతంలో గింజ వేసి, మే 15 దాటాక నాటండి.

టెక్సస్ లాంటి చోట్ల ఉన్నవాళ్ళకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ మీ శత్రువు చలి కాదు, వేసవి ఎండ. వీలైనంత ముందుగా మొదలుపెట్టి, ఎండలు ముదరకముందే పిందె కట్టించాలి.

ఎన్ని గింజలు వేయాలి?

ఒక పాదుకు రెండో మూడో. ఒకటే వేసి అది మొలవకపోతే వారం రోజులు పోతాయి. పది వేస్తే అన్నీ మొలుస్తాయి, అప్పుడు ఏది పారేయాలన్న టెన్షన్ పట్టుకుంటుంది.

గింజ అంచుల్ని రుద్దాలంటారు. అవసరమా?

ఈ గింజ పెంకు మందం. అంచుల్ని గోళ్ళు అరగదీసే ఆకురాయితోనో, సన్న గరుకు కాగితంతోనో కాస్త రుద్దితే నీరు త్వరగా లోపలికి పోతుంది, ఆకులు బయటికి రావడానికీ సులువవుతుంది. రంగు మారేదాకా రుద్దితే చాలు, లోపలి తెల్లటి పప్పు కనిపించకూడదు. గింజకు ఒకవైపు మొన ఉంటుంది చూడండి, వేరు అక్కడినుంచే వస్తుంది. ఆ మొన జోలికి మాత్రం పోవద్దు. పల్చటి పెంకున్న కొత్త గింజలు రుద్దకపోయినా మొలుస్తాయి.

నానబెట్టాలా?

గోరువెచ్చని నీళ్ళలో నాలుగు నుంచి ఎనిమిది గంటలు. పెసలు నానబోసినట్టు రాత్రి పోసి మర్నాడు సాయంత్రం దాకా మర్చిపోతే గాలి అందక గింజ చెడుతుంది.

తడి టిష్యూలో మొలకెత్తించాలా, నేరుగా కుండీలో వేయాలా?

రెండూ పనిచేస్తాయి. టిష్యూ పద్ధతిలో, తడిపి గట్టిగా పిండిన పేపర్ టవల్‌లో గింజను చుట్టి జిప్ కవర్లో పెట్టి వెచ్చటి చోట ఉంచుతారు. రెండో రోజు నుంచి తెరిచి చూస్తుండాలి. వేరు అర అంగుళం కూడా కాకముందే కుండీలోకి మార్చాలి. ఆలస్యమైతే వేరు కాగితంలోకి అల్లుకుపోయి, విడదీసేటప్పుడు కొన తెగుతుంది.

ఆఫీసు పనిలో పడి రోజూ చూడలేమనుకుంటే నేరుగా కుండీలోనే వేసేయండి. పాత గింజలు, మొలుస్తాయో లేదో అనుమానం ఉన్నవి అయితే టిష్యూ మేలు, సంగతి త్వరగా తేలిపోతుంది.

ఎంత వెచ్చగా ఉండాలి?

మొలిచే దాకా 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 29 నుంచి 32 సెల్సియస్. అంత వేడి ఉంటే నాలుగైదు రోజుల్లో మట్టి పగులుతుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో రెట్టింపు రోజులు పట్టొచ్చు, ఈలోగా గింజ కుళ్ళిపోనూ వచ్చు.

నారు కుండీల కింద పరిచే హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్ ఉంటే ఇంకేం అక్కర్లేదు. లేనివాళ్ళకు, చలికాలంలో ఇడ్లీ పిండి పులియడానికి ఓవెన్‌లో లైటు వేసి పెడతాం కదా, అదే చోటు ఈ గింజలకూ సరిపోతుంది. లోపల ఒక థర్మామీటర్ పెట్టి ఎంతుందో చూసుకోండి, ఓవెన్ తలుపు మీద చీటీ కూడా అంటించండి. ఇంట్లో ఎవరో కేక్ కోసమని ఓవెన్ ఆన్ చేశారంటే అంతే సంగతులు. మొలక కనిపించిన వెంటనే ఆ వేడి నుంచి తీసేసి 70-80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే చోటికి, వెలుతురులోకి మార్చాలి.

కుండీ ఎంత పెద్దది ఉండాలి?

ఆరు నుంచి ఎనిమిది అంగుళాలది. టమాటా నారుకు వాడే చిన్న గళ్ళ ట్రేలు దీనికి చాలవు. పైన రెండాకులు కనిపించేసరికే కింద వేళ్ళు అడుగు తాకుతాయి.

నేలలో కరిగిపోతాయని చెప్పే పీట్ కుండీలంటే నాకు పెద్దగా గురి లేదు. వసంతకాలపు చల్లటి నేలలో అవి అంత త్వరగా కరగవు, వేళ్ళు లోపలే చుట్టుకుంటాయి. వాడేట్టయితే నాటేముందు అడుగు చింపేసి, పక్కలు నిలువునా చీల్చి, మట్టి పైకి కనిపించే అంచును తుంచేయండి. ఆ అంచు బయట ఉంటే మట్టిలోని తడినంతా పీల్చేస్తుంది.

మన ఇళ్ళలో పేరుకుపోయే పెద్ద పెరుగు డబ్బాలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టండి. నాటేటప్పుడు కత్తెరతో పక్కలు నిలువునా కోసేస్తే మట్టిగడ్డ చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. డబ్బా కాస్త ఇరుకే కాబట్టి అందులో రోజులు ఎక్కువ గడపనివ్వొద్దు.

పెరట్లో మట్టి వాడొచ్చా?

కుండీలోకి వద్దు. అందులో నారును చంపే బూజులుంటాయి, పైగా గట్టిపడిపోతుంది. సీడ్ స్టార్టింగ్ మిక్స్ కొని, మూడు వంతులకు ఒక వంతు పెర్‌లైట్, అంటే మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలికపాటి రాతి గుళికలు, కలపండి. ముందే తడిపి, గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ ఉంచండి.

గింజను ఏ వైపు తిప్పి పెట్టాలి? ఎంత లోతు?

మొన కిందికి, ఒక అంగుళం లోతు. అడ్డంగా పెట్టినా కొంప మునగదు, వేరు తన దారి తాను చూసుకుంటుంది. టిష్యూలో మొలిచినదైతే వేరు కిందికి ఉండేలా వేలితో చిన్న గుంట చేసి, అందులో దించి, మట్టిని అదమకుండా కప్పండి.

మొలక పైకి వచ్చింది గానీ గింజ పెంకు టోపీలా అలాగే ఉంది. లాగేయాలా?

వెంటనే లాగకండి. నీళ్ళు చిలకరించి, ఆ కుండీ మీద ప్లాస్టిక్ కవర్ బోర్లించి కొన్ని గంటలు ఉంచండి. పెంకు మెత్తబడుతుంది. అప్పుడు రెండు వైపులా నొక్కితే అంచు విచ్చుకుని ఊడివస్తుంది. మొండికేస్తే ఇంకో పూట ఆగండి. తొందరపడి లాగితే బీజదళాలు, అంటే గింజలోంచి ముందుగా వచ్చే రెండు మందపాటి ఆకులు, చిరుగుతాయి. కొంచెం చిరిగితే పర్వాలేదు, మధ్యలో మొగ్గ తెగితే మాత్రం ఆ మొక్క ఇక ఎందుకూ కొరగాదు.

కిటికీ దగ్గర పెట్టినా కాడ సన్నగా, పొడుగ్గా సాగిపోతోంది. ఎందుకు?

వెలుతురు చాలక. ఏప్రిల్‌లో కిటికీ వెలుగు మన కంటికి ఎక్కువే అనిపిస్తుంది గానీ మొక్కకు అది ఏ మూలకూ రాదు. ఎల్‌ఈడీ గ్రో లైటు గానీ, మామూలు ట్యూబు లైటు గానీ ఆకులకు రెండు నుంచి నాలుగు అంగుళాల ఎత్తులో వేలాడదీసి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించండి. మొక్క పెరిగేకొద్దీ లైటునూ పైకి జరపాలి. బలమైన ఎల్‌ఈడీ అయితే ఆకు మాడకుండా ఇంకాస్త ఎత్తులో ఉండాలి. రోజూ కాసేపు చిన్న ఫ్యాను గాలి తగిలితే కాడ గట్టిపడుతుంది.

ఇప్పటికే సాగిపోయిందా? బయట నాటేటప్పుడు బీజదళాల కింది దాకా కాడను పూడ్చేయండి, గుమ్మడి కాడ దాన్ని తట్టుకుంటుంది.

బాగానే ఉన్న మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర సన్నబడి వాలిపోయింది.

అది నారుకుళ్ళు తెగులు. మిరప, టమాటా నార్లు పోసిన రైతులందరికీ తెలిసిందే. తడి ఎక్కువై, గాలి ఆడక, మట్టి చల్లగా ఉంటే వస్తుంది. వాలిన మొక్కకు వైద్యం లేదు. ఆ మట్టితో సహా పారేసి, కుండీ కడిగి, ఇంకో గింజ వేసుకోండి.

రాకుండా చూసుకోవడం తేలిక. పైమట్టి పొడిబారాకే నీళ్ళు పోయాలి, అవీ గోరువెచ్చనివి. పైనుంచి పోసే బదులు, పళ్ళెంలో నీళ్ళు పోసి కుండీని అరగంట అందులో ఉంచి తీసేస్తే ఇంకా మంచిది. కుళాయి నుంచి వచ్చే చన్నీళ్ళు పోస్తే వేళ్ళు బిగుసుకుపోతాయి. ఎక్కువ మొలకలు చచ్చేది నీళ్ళు చాలక కాదు, ఎక్కువై.

ఇంట్లో ఉన్నప్పుడే ఎరువు వేయాలా?

వద్దు. ఆ రెండు వారాలకు సరిపడా తిండి బీజదళాల్లోనే ఉంటుంది. బీజదళాల తర్వాత వచ్చే అసలు ఆకు పాలిపోతే చేపల ఎరువు ద్రావణాన్ని డబ్బా మీద రాసినదానికి సగం పలచగా ఒక్కసారి పోయండి. ఇంట్లో ఆ కంపు భరించగలిగితే.

బయటికి మార్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

బీజదళాల తర్వాత వచ్చే మొదటి అసలు ఆకు పూర్తిగా విచ్చుకుని, రెండోది మొహం చూపిస్తుంటే అదే సమయం. కుండీ అడుగు బెజ్జాల్లోంచి తెల్లటి వేళ్ళు తొంగిచూస్తున్నా అదే సమయం. మొలక వచ్చిన దగ్గర్నుంచి ఇది పది, పన్నెండు రోజుల పని. మూడు నాలుగు ఆకులు వచ్చాక నాటితే మొక్క పెద్దదిగా కనిపిస్తుంది గానీ, చుట్టుకున్న వేళ్ళు విప్పుకోలేక రెండు వారాలు ముడుచుకుని కూర్చుంటుంది. పక్కన చిన్నది నాటినవాళ్ళ తీగ దాన్ని దాటిపోతుంది.

అనుకోకుండా బయట చలి ఇంకో వారం సాగితే మొక్కను ఇంకా పెద్ద కుండీలోకి, మట్టిగడ్డ కదలకుండా మార్చండి. ఎదుగుదల ఆపడానికి నీళ్ళు మానేయడం, చీకట్లో పెట్టడం లాంటివి చేయొద్దు.

అప్పటికి బయట ఏం సిద్ధంగా ఉండాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. గింజ నానబోసే రోజుకే ఈ పనులు మొదలై ఉండాలి.

నేలలో నాలుగంగుళాల లోతున ఉదయం పూట థర్మామీటర్ గుచ్చి చూడండి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 15.5 సెల్సియస్ కన్నా తక్కువ ఉంటే నాటొద్దు. 65-70 ఉంటే హాయి. మధ్యాహ్నం ఎండలో చూసిన అంకెను నమ్మకండి. నేలను ముందే వేడి చేయడానికి సులువైన మార్గం గుడారం. నాలుగడుగుల నుంచి ఆరడుగుల చదరాన ప్లాస్టిక్ పైపులు వంచి, వాటిమీద పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. నాటడానికి రెండు వారాల ముందే వేసేస్తే లోపలి మట్టి బయటికన్నా ఎంతో ముందు వెచ్చబడుతుంది. పోటీ పట్టుదల ఉన్నవాళ్ళు మట్టిలో వేడి తీగలు కూడా పూడుస్తారు, అవి మట్టిలో పూడ్చడానికని తయారుచేసినవే అయి ఉండాలి.

చివికిన పశువుల ఎరువు, కంపోస్టు ముందు ఏడాది ఆకురాలు కాలంలోనే కలిపి ఉంటే మంచిది. పచ్చి పేడ ఇప్పుడు వేస్తే లేత వేళ్ళు కాలిపోతాయి. మట్టి పీహెచ్ 6.5 నుంచి 7 మధ్య ఉండాలి. గాలి ఎక్కువగా వీచే చోటైతే పడమటి వైపు ఓ అడ్డుగోడలాంటిది, కనీసం గోనె పట్టా అయినా కట్టండి.

పెరడు చిన్నది. ఒక్క మొక్కకు ఎంత చోటు కావాలి?

పోటీలో నెగ్గాలంటే ఒక మొక్కకే 800 నుంచి 1,000 చదరపు అడుగులు ఇస్తారు. సరదాకు అయితే 400 చాలు. 200 ఉన్నా నాటండి, ఇరుగుపొరుగు వచ్చి ఫొటోలు దిగే కాయ వస్తుంది. పక్కనే బీర, ఆనప పాదులు ఉంటే మాత్రం జాగ్రత్త. ఈ తీగ ఆకు ఆనపాకు కన్నా పెద్దది, దాని నీడలో ఏదీ బతకదు.

ఎండకు అలవాటు చేయడం ఎలా?

మొదటి రోజు గాలి తగలని నీడలో గంటో రెండు గంటలో ఉంచి లోపల పెట్టేయండి. రోజూ కొంచెం పెంచుతూ, నాలుగో రోజుకు ఉదయపు ఎండ, వారానికల్లా పూర్తి ఎండ. ఈ వారం విడిగా వెతుక్కోనక్కర్లేదు, ఆకు విచ్చుకుంటూ ఉండగానే మొదలుపెట్టండి. నేరుగా లైటు కింది నుంచి మండే ఎండలోకి తెస్తే ఆకులు తెల్లగా, కాగితంలా అయిపోతాయి.

నాటేటప్పుడు ఏం చూసుకోవాలి?

మబ్బు పట్టిన రోజో, సాయంత్రమో ఎంచుకోండి. ముందు రోజు కుండీని తడిపి ఉంచితే మట్టిగడ్డ విడిపోదు. కుండీ కన్నా కొంచెం పెద్ద గుంట తీసి, వేళ్ళకు మేలు చేసే మైకోరైజా పొడి ఉంటే గుంటలోను, మట్టిగడ్డ పక్కలకు చల్లండి. గుమ్మడి వేళ్ళకు ముట్టుకుంటే కోపం. కాడ పట్టుకుని ఎత్తకుండా, అరచేయి అడుగున పెట్టి దించండి.

తిప్పి పెట్టే దిక్కు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మొదటి అసలు ఆకు ఏ వైపు ఉందో ప్రధాన తీగ సాధారణంగా దానికి ఎదురు వైపు పాకుతుంది. అందుకని ఆ ఆకు కంచె వైపు, దాని వీపు మీ ఖాళీ స్థలం వైపు ఉండేలా నాటండి. అదే తప్పితే జూన్‌లో తీగను వంచి తిప్పాల్సి వస్తుంది, అలాంటప్పుడే మొదలు దగ్గర చీలుతుంది.

గోరువెచ్చని నీళ్ళు రెండు మూడు లీటర్లు నెమ్మదిగా పోసి, మట్టిని అరచేత్తో కొద్దిగా సర్దండి. తొక్కొద్దు.

గుడారంలో పెట్టాక ఇక నిశ్చింతేనా?

చలి నుంచి అవును, వేడి నుంచి కాదు. ఎండ కాసిన రోజున మూసిన గుడారంలో గంటలోనే వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. బయట చలిగా ఉంది కదా అని ఆఫీసుకు వెళ్ళిపోతే సాయంత్రానికి ఉడికిన తోటకూర మిగులుతుంది. ఎండ వస్తుందంటే ఉదయమే ఒక పక్క ఎత్తి పెట్టి వెళ్ళండి.

రాత్రి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది, 32కి దిగితే మొక్కే పోతుంది. అలాంటి రాత్రి గుడారం మీద పాత దుప్పటి కప్పండి. లోపల నీళ్ళు నింపిన పాల క్యాన్లు పెడితే పగటి వేడిని కొంత దాచి రాత్రి వదులుతాయి. పాతకాలపు ఫిలమెంటు బల్బు పెట్టేవాళ్ళూ ఉన్నారు. పెడితే బయట వాడే కేబుల్, హోల్డర్ వాడండి, ప్లాస్టిక్‌కు దూరంగా ఉంచండి. ఎల్‌ఈడీ బల్బు పెట్టి వెచ్చదనం రాలేదంటే ఎలా వస్తుంది?

పురుగులు, జంతువులు?

ఎలుకలు గింజల్ని తవ్వి తింటాయి. కుందేళ్ళు, జింకలు ఒక్క రాత్రిలో మొక్కను మొదలంటా కొరుకుతాయి, అందుకే గుడారం తీశాక కూడా చుట్టూ వల ఉండాలి. మట్టిలో దాగి, రాత్రిపూట కాడను నేల మట్టంలో కత్తిరించే పురుగులున్నాయి. ఒక కాగితం గ్లాసు అడుగు కోసి మొక్క చుట్టూ అంగుళం లోతు దించితే వాటికి అడ్డు. పసుపు ఒంటి మీద నల్ల చారలున్న చిన్న పెంకు పురుగు లేత ఆకుల్ని జల్లెడ చేస్తుంది, ఎండు తెగులు కూడా మోసుకొస్తుంది. తెల్లటి పల్చని రో కవర్ గుడ్డ కప్పితే దాని బెడద తప్పుతుంది.

ఒక పాదులో రెండు నాటాను. రెండూ బాగున్నాయి, ఉంచేయనా?

ఒకటి తీసేయాలి. మొదటి తీగ బయల్దేరే దాకా ఆగి, ఆకులు పెద్దగా, కాడ గుండ్రంగా ఉన్నదాన్ని ఉంచండి. రెండోదాన్ని పీకొద్దు, నేల మట్టంలో కత్తిరించండి. పీకితే పక్కదాని వేళ్ళు కూడా కదులుతాయి. కాడ గుండ్రంగా కాక రిబ్బనులా చదునుగా, వెడల్పుగా సాగుతుంటే అలాంటిదాన్ని వదిలేయడమే మేలని చాలామంది పెంపకందార్ల మాట.

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో అమ్మానాన్నల పెరట్లో ఇది పండుతుందా?

మొలుస్తుంది, ఈ హీట్ మ్యాట్లు, గుడారాలు ఏవీ అక్కర్లేదు. కానీ ఈ రకానికి పగలు పొడుగ్గా, ఎండ మితంగా, రాత్రి చల్లగా ఉండాలి. మన వేసవిలో ఆకులు మధ్యాహ్నానికే వడలిపోతాయి, పిందెలు రాలిపోతాయి. వర్షాకాలంలో బూడిద తెగులు, కుళ్ళు. అక్టోబరు, నవంబరులో వేసి చలికాలంలో పెంచితే కొంత ఆశ ఉంది, అరకు లాంటి చల్లటి చోట ఇంకొంచెం. రికార్డులు మాత్రం ఆశించకండి.

ఇక గింజలు సూట్‌కేసులో వేసుకుపోవడం సంగతి. ఇండియాలోకి విత్తనాలు తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అటునుంచి అమెరికాకు బీర, దొండ గింజలు తెచ్చుకునేటప్పుడూ కాగితాలు అడుగుతారు. పప్పుల డబ్బాలో దాచి తెచ్చే అలవాటు మానుకుంటే మంచిది, ఆ గింజలతో రోగాలూ ప్రయాణం చేస్తాయి.

కాయ వచ్చాక దప్పళం పెట్టుకోవచ్చా?

తినకూడనిదేమీ కాదు, రుచే ఉండదు. నీరు, పీచు ఎక్కువ. దప్పళానికి పక్కనే వేరే చిన్న గుమ్మడి పాదు పెట్టుకోండి.

గుడారం ఎప్పుడు తీసేయాలి?

మొక్క మొదట నిటారుగా నిలబడి నాలుగైదు ఆకులు వేస్తుంది. తర్వాత ఓ రోజు పక్కకు వాలుతుంది. చూసి కంగారు పడొద్దు, జబ్బు కాదు, తీగ సాగడానికి సిద్ధమైందన్నమాట. వాలే వైపు మీరనుకున్నదే అయ్యేలా, రెండు వెదురు పుల్లల్ని కత్తెరలా గుచ్చి తీగను వాటి మధ్య నిలిపితే గాలికి మెలితిరగదు. తీగ కొన ప్లాస్టిక్‌ను తాకేసరికి, రాత్రి ఉష్ణోగ్రత వారం పాటు 50కి తగ్గకపోతే, గుడారాన్ని ముందు పగటి పూట మాత్రమే తీసి, రెండు మూడు రోజుల తర్వాత పూర్తిగా తీసేయండి. తీగ పాకేకొద్దీ కణుపుల మీద పిడికెడు మట్టి వేస్తుంటే అక్కడా వేళ్ళు దిగుతాయి. పైపులు, పట్టా మాత్రం ఆరబెట్టి దాచండి. సెప్టెంబరులో ముందస్తు మంచు పడితే కాయ మీద కప్పడానికి మళ్ళీ అవే కావాలి.